నిండితే ఏం చేస్తుంది?

మా చెల్లెలు లిఫ్టులు బాగుచేస్తుంది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని తలుపు తడితే, ఆమె వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని జనం తొంగిచూస్తారు. "మెకానిక్ ఎప్పుడొస్తాడమ్మా?" అని అడుగుతారు. "ఆయన వచ్చి, చూసి, భయపడి వెళ్ళిపోయాడండీ. అందుకే నన్ను పంపారు" అంటుంది ముఖంలో ఒక్క గీత కదలకుండా. నాకు అంత ఓపిక లేదు. నేను లాండ్రీలో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. చీటీ పారేసుకుని వచ్చినవాణ్ణి నాలుగు మాటలు దులిపితేగానీ నాకు తిన్నది అరగదు. ఒకే కడుపున ఇద్దరం ఎలా పుట్టామో మా అమ్మకే అంతుపట్టలేదు.

లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుపోయారని ఫోన్ వస్తే దాని పద్ధతి చూడాలి. వెళ్ళగానే తలుపు మీద చెయ్యి వెయ్యదు. తలుపుకి దగ్గరగా నిలబడి ముందు కబుర్లు మొదలుపెడుతుంది. మీ పేరేంటి, ఏ అంతస్తు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని తీరిగ్గా అడుగుతుంది. లోపలివాళ్ళ గొంతు కుదుటపడ్డాకే పైకెక్కి పని చూస్తుంది. ఒకాయనైతే తలుపు తెరుచుకున్నాక కూడా బయటికి రాకుండా, తన మేనల్లుడి మీద ఫిర్యాదు మొత్తం పూర్తిచేసి మరీ వచ్చాడట.

దానికి ఇద్దరు పిల్లలు. మా మరిది లారీ తోలతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. చిన్నవాణ్ణి మేమంతా బుడంకాయ అంటాం. వాడి చేతిలో పడిన వస్తువు మళ్ళీ వస్తువులా తిరిగి రాదు. పెద్దది పిల్ల. దాన్ని పిట్ట అంటాం, వసపిట్ట అన్నమాట. ఇంట్లో ఉన్నంతసేపూ దాని నోటికి తాళం ఉండదు. చెప్పులు ఏమనుకుంటున్నాయో, గోడ గడియారానికి ఎవరి మీద కోపమో అన్నీ చెబుతుంది. గడప దాటిందా, ఒక్క ముక్క మాట్లాడదు. బడిలో చేరిన దగ్గర్నుంచీ టీచర్లు దాని గొంతే వినలేదు. అవునంటే తల నిలువుగా, కాదంటే అడ్డంగా, అంతే. డాక్టరమ్మకి చూపించారు. "తెలివికేం లోటు లేదు, తొందరపెట్టకండి, బలవంతం చెయ్యకండి" అందావిడ. చుట్టాలు ఊరుకుంటారా? "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని నవ్వేవాళ్ళు. ఒకసారి నా ఎదురుగా అన్నారు. ఆ తర్వాత నా ఎదురుగా అనడం మానేశారు.

పిట్టకి ఒక్క అలవాటు ఉంది. వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని, గది తలుపు వేసుకుని, వీడియో ఆన్ చేసి కథలు చెప్పుకుంటుంది. సబ్బుపెట్టె, దువ్వెన, తెగిన చెప్పు పట్టీ, అవే పాత్రలు. ఆ వీడియోలు బయటివాళ్ళకి చూపించినా ఏమనదు. తన గొంతు బయటికి వెళ్ళడానికి ఉన్న దారి అదొక్కటే. ఈ సంగతి తెలిసి టీచరమ్మ ఒక మాట చెప్పింది. "ఏడాది చివర పిల్లలందరూ క్లాసు ముందు ఏదో ఒకటి చెప్పాలి. మీ పాప చెప్పలేకపోతే వీడియో తీసి పంపండి, మేం అందరికీ వేసి వినిపిస్తాం." చెల్లెలు ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది.

చిక్కంతా ఆ ఫోన్‌తోనే. అందులో సగం లిఫ్టు మోటార్ల ఫోటోలు, వైర్ల ఫోటోలు, కంపెనీ పంపిన పాఠాలు. నిండు కుండ తొణకదంటారు. ఆ ఫోన్ నిండితే తొణకడం కాదు, పగిలేది. పిట్ట బడి కోసమని పెద్ద కథ ఒకటి మొదలుపెట్టి, మధ్యాహ్నమంతా చెప్పి, ఇంకాస్తలో ముగిస్తుందనగా మెమరీ అయిపోయింది. పోనీ అప్పటిదాకా చెప్పిందైనా ఉందా అంటే, అదీ లేదు. మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పిల్ల ఏడవలేదు. ఫోన్ తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు నుంచి మళ్ళీ ఫోన్ అడగలేదు. ఇంట్లో కూడా మాటలు తగ్గించింది.

"ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోతుందేమో అక్కా" అంది చెల్లెలు. దాన్ని అలా ఎప్పుడూ చూడలేదు. "పిల్లలకి ట్యాబ్ కొంటాను. తక్కువలో రావాలి, చాలాకాలం రావాలి, నిండినా పిల్ల చెప్పింది పోకూడదు."

కొనే రోజు వచ్చేసరికి నాకు కాలు నిలవలేదు. కొత్త వస్తువు కొనడమంటే నాకు పెళ్ళికి వెళ్ళినంత సంబరం. మంచి చీర కట్టుకుని తయారయ్యాను. బుడంకాయ బస్సెక్కిన దగ్గర్నుంచి "ట్యాబు ట్యాబు" అని ఒకటే పాట. పిట్ట కిటికీ పక్కన కూర్చుని ఏం మాట్లాడలేదు గానీ, చెప్పుల కాళ్ళు ఆడిస్తూనే ఉంది. అది చూసి నా సంబరం రెట్టింపయింది.

ఆ కొట్టులో సరుకు ఎక్కించే లిఫ్టు మా చెల్లెలే చూస్తుంది. అందుకని ట్యాబుల దగ్గరుండే పెద్దాయన దానికి తెలుసు. బట్టతల, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, నెమ్మదైన మనిషి. "రండమ్మా, ఇవాళ లిఫ్టు బాగానే ఉందే" అన్నాడు.

"లిఫ్టు కోసం రాలేదు సార్. పిల్లలకి ట్యాబ్ కావాలి."

నేను అప్పటికే ఒకటి పట్టుకున్నాను. పెద్ద తెర, ధర చూస్తే అన్నిటికన్నా తక్కువ, రంగు నెమలికంఠం. "ఇదే తీసుకో. ఇంకేం చూడక్కర్లేదు" అన్నాను.

"దీంట్లో ఎంత పడుతుంది సార్?" అంది చెల్లెలు.

ఆయన పెట్టె మీది అంకె చూపించాడు. తర్వాత తనే కాస్త ఇబ్బందిగా, "అంతా మీకు రాదమ్మా. సగం దాకా దాని సొంత సామానే ఉంటుంది" అన్నాడు.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నాను. నెమలికంఠం రంగు మీద నాకు కొంచెం మోజు తగ్గింది.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. మెమరీ రెండు రకాలట. ఒకటి బీరువాలాంటిది, సామాను దాచుకోవడానికి. రెండోది బల్లలాంటిది, సామాను పరుచుకుని పని చేసుకోవడానికి. బీరువా ఎంత పెద్దదైనా బల్ల చిన్నదైతే ట్యాబు నత్తలా నడుస్తుంది. రెండూ చూసుకోవాలి. ఇక మన్నిక అంటారా, కంపెనీ ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తుందో అడగాలి. అవి ఆగిపోతే వస్తువు బాగానే ఉన్నా ఒక్కొక్క యాప్ మొరాయిస్తుంది. నెమలికంఠం దానికి అప్‌డేట్లు ఇస్తారన్న నమ్మకం లేదన్నాడు. పక్కనే బూడిదరంగు ట్యాబు ఒకటి ఉంది. తెర కాస్త చిన్నది, బీరువా దానికి రెట్టింపు, బల్ల కూడా పెద్దదే. పైగా మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉంది, కొన్నేళ్ళ దాకా అప్‌డేట్లు వస్తాయి. ధర మాత్రం మేం అనుకున్నదానికి పైన కూర్చుంది.

చెల్లెలు అంతా విని, "బాగా చెప్పారు సార్. మరి నిండితే ఏం చేస్తాయి ఇవి?" అంది.

"నిండితే నిండిందని చెబుతాయమ్మా."

"వీడియో తీస్తూ ఉండగా నిండితే? అప్పటిదాకా తీసింది ఉంచుతుందా, పోగొడుతుందా?"

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు. "ఇన్నేళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. నాకు తెలియదమ్మా."

"తెలియకపోతే చూద్దాం" అని మా చెల్లెలు సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

ఇక్కడ దాని వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. కొత్త లిఫ్టు పెట్టాక మనుషుల్ని ఎక్కించే ముందు ఇనుప దిమ్మలు ఎక్కిస్తారు. మొయ్యాల్సినంత బరువు పెట్టి పైకీ కిందకీ తిప్పుతారు. తర్వాత ఇంకొంచెం వేసి చూస్తారు. అప్పుడు మంచి లిఫ్టు కదలనని మొండికేస్తుంది, గంట కొడుతుంది. చెడ్డది మొహమాటానికి పోయి కదులుతుంది. ఆ అలవాటుతోనే మా చెల్లెలు ఇంట్లో కుక్కరు నుంచి కుర్చీదాకా ప్రతిదాన్నీ నిండుగా నింపి చూస్తుంది. ఈసారి దిమ్మల బదులు కంపెనీ వాళ్ళ పాఠాల వీడియోలు తెచ్చింది. పెన్‌డ్రైవ్ నిండా అవే, బండెడు.

"కొట్టుకొచ్చి ఇదేం చాదస్తమే? మనల్ని బయటికి గెంటుతారు" అని గొణిగాను. పెద్దాయన మాత్రం అటూ ఇటూ చూసి, కొట్టులో జనం లేరని రూఢి చేసుకుని, "నాకూ చూడాలనుంది" అన్నాడు. చిన్నపిల్లాడిలా కళ్ళు మెరిశాయి.

ముందు నెమలికంఠం దానికి ఎక్కించారు. ఎంత నిండిందో చూపించే గీత తెర మీద పెరుగుతూ వచ్చింది. ఇంకాస్త ఖాళీ ఉందనగా ఆపి, "రారా, పాట పాడు" అని బుడంకాయ ముందు పెట్టింది చెల్లెలు. వాడు చేతులు కట్టుకుని రాగం తీశాడు. రెండో చరణంలో ఉండగా తెర నల్లబడింది. మళ్ళీ వెలిగాక ఎక్కడెక్కడ వెతికినా పాట లేదు. బుడంకాయ ట్యాబును తిరగేసి చూశాడు, బల్ల కింద దూరి చూశాడు. "నా పాట మింగేసింది" అన్నాడు ఏడుపు గొంతుతో. చెల్లెలు ఆ ట్యాబును అక్కడే పెట్టేసి మళ్ళీ దాని వంక చూడలేదు. అప్పటిదాకా వాళ్ళమ్మ వెనక దాక్కున్న పిట్ట మాత్రం ఒక అడుగు ముందుకొచ్చి దాని వంక చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. తనకి జరిగిందే ఇంకొకళ్ళకి జరగడం చూస్తోంది.

తర్వాత బూడిదరంగుది. దీని బీరువా పెద్దది కదా, నిండడానికి చాలా సమయం పట్టింది. వాషింగ్ మెషిన్ కోసం వచ్చిన భార్యాభర్తలు ఏంటా అని వచ్చి నిలబడ్డారు. వాకిలి దగ్గరి వాచ్‌మన్ కూడా చేరాడు. పెద్దాయన గీత ఎంత నిండిందో పైకి చెబుతుంటే నాకు ఆట చూస్తున్నట్టే ఉంది. "ఇదీ మింగేస్తుంది చూడండి" అన్నాడు ఆ భర్త. "మీరు ఊరుకోండి, ఇది మింగదు" అని కసిరాను, నేనేదో ఆ ట్యాబును కన్నట్టు. ఆయన భార్య నా పక్షం చేరింది. ఆయన తగ్గాడు.

"ఇక చాలు. ఇప్పుడు ఎవరైనా మాట్లాడాలి" అంది చెల్లెలు. బుడంకాయ రానన్నాడు, ట్యాబులన్నీ దొంగవేనట. "అక్కా, నువ్వు మాట్లాడు. నీకేం కొదవ?"

నిజమే, నాకేం కొదవ? ట్యాబు చేతిలోకి తీసుకున్నాను. ఎర్రచుక్క వెలిగింది. నా ముఖం నాకే కనిపిస్తోంది, చుట్టూ ఇంతమంది చూస్తున్నారు. ఏం చెప్పాలి? నోరు పెగల్లేదు. రోజంతా వందమందితో వాదించే నా నాలుక కట్టేసినట్టయింది. "అదీ... ఏమిటంటే..." అని ఆగిపోయాను. అందరూ ఎదురుచూస్తున్నారు, ఎదురుచూసేకొద్దీ గొంతు ఇంకా బిగుసుకుపోతోంది. మా పిట్టకి రోజూ బడిలో ఇలాగే ఉంటుందా అని అప్పుడు తట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు?

నా చేతిలోంచి ట్యాబు మెల్లగా జారింది. చూస్తే పిట్ట. నా వంక జాలిగా చూసి, ట్యాబును గుండెకి ఆనించుకుని, ఫ్రిజ్‌ల వరస వెనక్కి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళబోతే చెల్లెలు నా కొంగు పట్టుకుని ఆపింది. మేమందరం నిలబడిపోయాం. ఫ్రిజ్‌ల వెనక నుంచి సన్నగా పిట్ట గొంతు మొదలైంది.

"ఇది ఒక వీధి. ఇక్కడ అన్నీ తెల్ల ఇళ్ళే. ఎవరింటి తలుపు తీసినా లోపల లైటు వెలుగుతుంది, కానీ ఎవరూ ఉండరు. అందరూ ఎక్కడికి వెళ్ళారంటే, ఎక్కడికీ వెళ్ళలేదు, ఇంకా ఎవరూ రాలేదు."

భార్యాభర్తలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. గొంతు కొంచెం పెరిగింది. ఎదురింటి వాషింగ్ మెషిన్‌కి ఒక్కటే గుండ్రటి కిటికీ ఉందని, అందుకని దానికి పొగరని చెప్పింది. టీవీలు గొప్పలు చెప్పుకుంటాయి గానీ ఒకదాని మాట ఒకటి వినవంది. వాచ్‌మన్ కిసుక్కున నవ్వాడు. నేను ఆయన వంక గుడ్లురిమాను, పిల్ల ఆగిపోతుందని. ఆగలేదు.

"ఒకరోజు ఆ వీధికి ఒక ఫ్యాన్ వచ్చింది. పొడుగు కాలు ఫ్యాన్. దానికి తల అటూ ఇటూ తిప్పడం తప్ప ఏమీ రాదు. ఎవరేం అడిగినా అలాగే తిప్పుతుంది. వద్దు వద్దు అంటోందని అందరూ అనుకున్నారు. ఇక దాన్ని పిలవడం మానేశారు. కానీ నిజానికి అది..."

టంగుమని చిన్న చప్పుడు. మాట ఆగింది.

పిట్ట ఫ్రిజ్‌ల వెనక నుంచి వచ్చింది. వాళ్ళమ్మ వంకా నా వంకా చూడలేదు. తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్ళి ట్యాబు ఎత్తి చూపించింది.

"అంకుల్, ఇది నిండిపోయింది. నేను చెప్పింది ఉందో లేదో చూడండి."

అది బయట నోరు విప్పదని ఆయనకేం తెలుసు? పిల్ల అడిగింది, చూశాడు. మా చెల్లెలు పక్కనున్న వాషింగ్ మెషిన్‌ని పట్టుకుని నిలబడింది. లిఫ్టు గోతిలోకి వంగి చూసేటప్పుడు కూడా దేన్నీ పట్టుకోని మనిషి అది.

"ఉందమ్మా" అని ఆయన మీట నొక్కాడు. పిట్ట గొంతు కొట్టంతా వినిపించింది. తెల్ల ఇళ్ళు, పొగరు కిటికీ, టీవీల గొప్పలు అన్నీ వచ్చాయి. తన గొంతు అంత పెద్దగా వినిపిస్తుంటే పిల్ల ఎక్కడికీ దాక్కోలేదు, పెదాలు కదుపుతూ వింది. "కానీ నిజానికి అది" దగ్గర ఆగింది.

"నిజానికి ఏంటమ్మా?" అన్నాడు పెద్దాయన. ఆయనకి నిజంగానే తెలుసుకోవాలనుంది. వాచ్‌మన్ కూడా, "అవునమ్మా, ఏంటి?" అన్నాడు.

పిట్ట వాళ్ళందరినీ ఒకసారి చూసింది. "అది వద్దనడం లేదు. ఎవరికి ఉక్కగా ఉందో అందరినీ చూస్తోంది" అంది.

పెద్దాయన తల ఊపి, "అవును. అదే అయ్యుంటుంది" అన్నాడు.

ఆయన లోపలికి వెళ్ళి బూడిదరంగు ట్యాబు సీలు తియ్యని పెట్టె తెచ్చాడు. మా చెల్లెలు అప్పటికి కళ్ళు తుడుచుకుని మామూలు మనిషయింది. "అది కాదు సార్. ఇదే ఇవ్వండి" అంది.

"ఇది చూపించడానికి పెట్టిందమ్మా. పదిమంది చేతులు పడ్డాయి. అంచుకి గీత కూడా ఉంది."

"మా పనిలో పరీక్ష చేసిన లిఫ్టునే అప్పజెబుతాం. పరీక్ష ఒకదానికి చేసి ఇంకోటి ఇవ్వం."

ఇంకొకప్పుడైతే నేను నెత్తి కొట్టుకునేదాన్ని. కొత్త పెట్టె విప్పే సంబరం కోసం చీర కట్టుకుని వచ్చినదాన్ని నేను. ఆ పూట మాత్రం, "ఎప్పుడు బయట పెట్టారు దీన్ని? బ్యాటరీ ఏమీ అరగలేదు కదా?" అని అడిగాను, అంతే. మొన్ననే పెట్టారట. ఆయన పైవాళ్ళతో మాట్లాడి వచ్చి, గీత ఉన్నది కాబట్టి ధర తగ్గిస్తామన్నాడు. మేం అనుకున్నదానికి సరిపోయింది. వారంటీ మాత్రం కొత్తదానికి ఇచ్చినంతా రాయించాను. బుడంకాయ కోసం నాలుగు మూలలా మందంగా ఉన్న రబ్బరు తొడుగు కూడా వేయించాం. వాడు దాన్ని ఒకసారి నేలకేసి కొట్టి చూస్తానన్నాడు. వాడి వీపు మీద ఒకటి వేశాను.

బిల్లు కోసం నిలబడ్డాం. చెల్లెలు కంపెనీ పాఠాలన్నీ తుడిపేస్తోంది. పిట్ట వీడియో ఒక్కటీ ఉంచింది. పిట్ట పక్కనే నిలబడి వేలితో అంచు మీది గీత తడుముతోంది.

"దీన్నే మీ టీచర్‌కి పంపిద్దామా?" అని చెల్లెలు అడిగింది, తల ఎత్తకుండా, ఏదో మామూలు సంగతి అడిగినట్టు.

"అందులో సగమే ఉందిగా అమ్మా."

"మరి మిగతాది మళ్ళీ తీద్దామా?"

పిట్ట కాస్త ఆలోచించింది.

"వద్దు. సగం వాళ్ళు వింటారు. మిగతాది నేను చెప్తాను."